ఎద కనబడని గేదెలు, కాలువలో పడ్డ పేడనీళ్లు: భీమిలి వైపు ఒక కేసు

పశువైద్యుడిగా నన్ను పిలిచింది గేదెలకు చూడి నిలవడం లేదని. మూడు నెలలు తిరిగాక ఆ సమస్య మూలం ఇంటి ముందున్న మురుగుకాలువలో దొరికింది. ఊరి పేరు రాయడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని తీసేశాను, కొన్ని మార్చాను.

ఇల్లు, నేల, పశువులు

భీమునిపట్నం మున్సిపాలిటీ 2013లో జీవీఎంసీలో, అంటే మహా విశాఖ నగరపాలక సంస్థలో కలిసింది. విశాఖకూ భీమిలికీ మధ్యనున్న కొన్ని పల్లెలు కూడా అప్పుడే కలిశాయి. జీడితోటలు, సరుగుడు తోపులు ఎక్కడివక్కడే ఉన్నాయి, పొద్దున్నే పాలక్యాన్లు పట్టుకుని పోయేవాళ్లూ ఉన్నారు. కాగితం మీద మాత్రం అది నగరం. తరవాత లేఅవుట్లు పడ్డాయి. పశువుల సాల పక్కన గోడ లేచింది, గోడ అవతల రెండంతస్తుల ఇల్లు లేచింది. ఈ కేసు అలాంటి ఒక గోడకు ఇవతల జరిగింది.

పశువుల యజమాని ఒక ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరయ్యారు. తండ్రి వాటాగా వచ్చిన 90 సెంట్లలో ఇల్లు, సాల, కొబ్బరిచెట్లు, కాస్త జీడి, ఒక బోరు, ఓ మడి సూపర్ నేపియర్ గడ్డి ఉన్నాయి. పశువుల్లో రెండు ముర్రా గేదెలు, ఒక పడ్డ (ఇంకా ఈనని గేదె), ఒక జెర్సీ సంకర ఆవు, అయిదు మేకలు. నాటుకోళ్ల లెక్క ఆయన భార్యకే తెలియదు. పాలు, దాణా, దూడలు ఆవిడ చూసుకుంటారు. గడ్డి కోత, పేడ ఎత్తడం ఆయన పని. కంబారి (జీతగాడు) లేడు. పిల్లలు హైదరాబాదులో ఉంటారు.

పాత తాటాకుల సాల 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపానులో ఎగిరిపోయింది. దాని స్థానంలో ఇనుప రేకులు వేశారు. ఇటు చాలా ఇళ్లలో అదే జరిగింది. గాలికి తట్టుకుంటాయని వేసుకున్న రేకులు ఎండాకాలం పశువు వీపు మీద పెనంలా కాగుతాయి. ఈ సంగతి అప్పుడే నోట్సులో రాసుకున్నాను, కానీ దాని బరువెంతో తరవాత గానీ తెలియలేదు.

పిలుపు

మే నెల. పెద్ద గేదె మూడో ఈతది, ఈని పది నెలలు దాటింది. మామూలుగా అయితే మూడు నాలుగు నెలలకే మళ్లీ చూడి కట్టి ఉండాలి. ఎదకే రాలేదంటారు ఆవిడ. పూటకు నాలుగు లీటర్లు ఇచ్చేది రెండుకు పడిపోయింది. రెండో గేదె ఈని ఏడు నెలలు, దానిదీ అదే కథ. ఆవు మాత్రం చూడితో ఉంది.

మలద్వారం గుండా చెయ్యి పెట్టి చూశాను. పెద్దదానికి గర్భాశయంలో తేడా ఏమీ లేదు, ఒక అండాశయం మీద కార్పస్ లూటియం (అండం విడుదలయ్యాక అక్కడ ఏర్పడే చిన్న గడ్డ) స్పష్టంగా తగిలింది. అంటే అది లోలోపల ఎదకు వస్తూనే ఉంది, బయటికి తెలియడం లేదు. మేం మూగ ఎద అనేది ఇదే. రెండోదాని అండాశయాలు నున్నగా ఉన్నాయి. పక్కటెముకలు తేలి ఉంది. అది నిజంగానే ఎదకు రావడం లేదు.

ఒకే సాలలో ఉన్నాయి కదా అని రెంటికీ ఒకే సూది వెయ్యడం మనలో ఉన్న అలవాటు. ఇక్కడ మాత్రం ఒకదానికి కావాల్సింది ఎదను సరిగ్గా కనిపెట్టడం, రెండోదానికి తిండి.

తిండి సంగతి అడిగాను. వరిగడ్డి, నేపియర్, తవుడు. వేరుశనగ చెక్క ధర పెరిగిందని దాన్ని సంక్రాంతి నుంచి మానేశారట. వరిగడ్డిలోనూ నేపియర్‌లోనూ ఆక్సలేట్లు ఉంటాయి, అవి కాల్షియాన్ని పట్టి ఉంచేస్తాయి. పప్పుజాతి మేత ఏదీ తగలకుండా ఈ రెంటి మీదే నడిపితే కడుపు నిండుతుంది గానీ ఒంటికి పట్టదు. సుబాబుల్ చెట్లు గట్టు మీదే ఉన్నాయి. వాటి ఆకు మేకలకు పోతోంది.

మొదట చేసినవి

నట్టల మందు పట్టించాను. రోజుకు 50 గ్రాముల మినరల్ మిక్చర్, వేరుశనగ చెక్క మళ్లీ మొదలుపెట్టమన్నాను. సుబాబుల్ సగం గేదెలకు మళ్లించాం. మూడు వారాలు ఆగి పెద్దగేదెకు ఎద తెప్పించే హార్మోన్ ప్రోస్టాగ్లాండిన్ ఇచ్చాను. కార్పస్ లూటియం ఉన్నప్పుడే ఆ మందు పనిచేస్తుంది కాబట్టి ముందు మళ్లీ చెయ్యి పెట్టి చూసుకునే ఇచ్చాను. నాలుగో రోజు ఎదకు వచ్చింది, కృత్రిమ గర్భధారణ చేశాను (సూది అనేది దీన్నే), నిలవలేదు. ఒంట్లో కొంచెం కండ పట్టాక రెండోదానికి ప్రోజెస్టిరాన్ హార్మోన్ వదిలే పరికరం పెట్టి తీశాం. అదీ ఎదకు వచ్చింది, దానికీ సూది నిలవలేదు.

ఇక్కడ ఆగి ఆలోచించాల్సి వచ్చింది. హార్మోన్ మళ్లీ ఇవ్వడం సులువే. కానీ రెండు పశువులూ మందుకు స్పందించాయి, ఎదకు వచ్చాయి, తీగలు (ఎదలో కారే జిగురు) శుభ్రంగా వేశాయి. ఇన్ఫెక్షన్ గుర్తులు లేవు. అయినా నిలవడం లేదంటే అండం విడుదలయ్యాక మొదటి వారంలో ఏదో జరుగుతోందన్నమాట. ఆ వారంలో పిండాన్ని చంపేవాటిలో వేడి ముందుంటుంది. గేదె నల్లతోలు ఎండను పీల్చుకుంటుంది, దానికి చెమట గ్రంథులు ఆవు కన్నా తక్కువ. అందుకే నీళ్లు వెతుక్కుంటుంది. పైగా మన తీరంలో జూన్, జులైలలో రాత్రిళ్లు కూడా ఉక్క తగ్గదు, పగలు ఎక్కిన వేడి దిగడానికి దానికి సమయం దొరకదు.

నా రాకలన్నీ పొద్దుటి పూటే. సూది పని పొద్దున్నే ఉంటుంది, పాలు పితికే వేళకు మనిషి దొరుకుతాడు. అప్పుడు చూస్తే పశువు బాగానే ఉండేది. అందుకని ఆగస్టులో ఒక రోజు కావాలని మూడు గంటల ఎండలో వెళ్లాను.

పెద్దగేదె 103.4 డిగ్రీలుంది. నిమిషానికి 50 దాటి ఎగశ్వాస. మెడ ముందుకు చాచి, నోటి చివర నురుగు. తొడల మీద, డొక్కల మీద పేడ ఎండి పెచ్చులు కట్టింది. ఒక పెచ్చు లాగితే వెంట్రుకలతో సహా ఊడి వచ్చింది, కింద తోలు పగిలి ఉంది. వారాల తరబడి ఒంటి మీద నీటిచుక్క పడని గేదె తోలు అలా అవుతుంది. సాల వెనక పాత పొర్లుగుంట ఉండాలి, ఇదివరకు దారిన పోతూ చూసిన గుర్తు. దాన్ని ఇటుక ముక్కలు, మట్టి పోసి పూడ్చేశారు.

"నీళ్లెందుకు పొయ్యడం లేదమ్మా? బోరు పోయిందా?"

"బోరు బాగానే ఉంది బాబూ. నోటీసు ఇచ్చారు కదా. కడిగితే పశువుల్ని తోలుకుపోతారట."

నోటీసు

దేవుడి పటం వెనక నుంచి ప్లాస్టిక్ కవరు తీసుకొచ్చారు. అందులో పశువుల చెవిపోగుల కాగితాలు, గాలికుంటు టీకా చీటీలు, ఫిబ్రవరి నాటి నోటీసు. చదివాను. రెండే విషయాలున్నాయి. పేడనీళ్లు పబ్లిక్ డ్రైనులోకి వదలకూడదు, కార్పొరేషన్ పరిధిలో పశువులు ఉంచుకుంటున్నందుకు అనుమతికి దరఖాస్తు పెట్టుకోవాలి. పశువుల్ని కడగవద్దని ఎక్కడా లేదు. తోలుకుపోతామనీ లేదు. ఆ మాట ఎవరో వీధిలో అన్నది, ఆయన మనసులో నోటీసుతో కలిసిపోయింది. కాలువలోకి నీళ్లు పోకూడదంటే అసలు నీళ్లే వాడకపోతే సరిపోతుందని ఆయన కడగడం మానేశారు, గుంట పూడ్చేశారు.

ఆయన్ను తప్పుపట్టలేను. ఉద్యోగమంతా నోటీసు అంటే భయపడిన మనిషి. కాకపోతే ఆయన పాటించిన నియమం నోటీసులో లేదు. ఉన్న రెండూ మాత్రం అలాగే ఉండిపోయాయి. వాన పడితే సాలలోని పేడ కడుక్కుపోయి ఎప్పటిలాగే కాలువలోకి పోతోంది, దరఖాస్తు పెట్టనే లేదు.

అదే రోజు ఇంకొకటి బయటపడింది. కిటికీ గూట్లో లేబులు లేని తెల్లటి చిన్న సీసా. పాలు తగ్గాయంటే పాలవాడు తెచ్చిచ్చాడట, "పాలు దిగే మందు". అది ఆక్సిటోసిన్ అని వేరే చెప్పక్కర్లేదు. దీని మీద నేను మెత్తగా మాట్లాడను. పాలు పెంచడానికి పశువుకు ఇలాంటి సూదులు వెయ్యడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం 12వ సెక్షన్ కింద నేరం. వెయ్యి రూపాయల దాకా జరిమానా, రెండేళ్ల దాకా జైలు, లేదా రెండూ. పైగా ఆ పశువు ప్రభుత్వపరమైపోతుంది. భయపడక్కర్లేని చోట భయపడి, భయపడాల్సిన చోట సీసాను గూట్లో పెట్టుకున్నారు. ఆవిడ అది ఒకసారే వాడానన్నారు. ఆమె చేతే సీసా పారబోయించాను.

ఈ చట్టంలోనే అంతగా తెలియని మరో మాట ఉంది. పశువును మరీ పొట్టి తాడుతో ఎక్కువసేపు కట్టేసి ఉంచడం కూడా హింసే. మేకలు గోడ దూకుతున్నాయని ఆయన వాటిని మూరెడు తాడుకు కట్టేస్తున్నారు. అదీ మార్పించాను.

పేడనీళ్ల పని

ఇక్కడి నుంచి నా పని పశువైద్యం కన్నా మేస్త్రీ పనికి దగ్గరగా నడిచింది. గేదెలకు నీళ్లు కావాలి, ఆ నీళ్లు కాలువలోకి పోకూడదు. ఈ రెంటినీ కలిపే దారి వెతకాలి.

ముందు ఇంకుడుగుంట తవ్వించారు. ఎర్రమట్టి దిబ్బల వైపు నేల ఎర్ర ఇసుక, నీళ్లు ఇట్టే ఇంకుతాయి, కాబట్టి పనిచేస్తుందనే అనుకున్నాం. సెప్టెంబరు వానలకు నిండి పొర్లింది. నీళ్లు ఇంకే నేలే గానీ పేడలోని పీచు, జిగురు గుంట గోడలకు పొరలా పట్టి ఇంకకుండా మూసేశాయి. పొంగిన నీళ్లు నేరుగా గోడ కింద నుంచి పక్కింటి పోర్టికోలోకి వెళ్లాయి. ఆ వారం మా అందరికీ మాటలు పడ్డాయి.

గోబర్‌గ్యాస్ పెట్టుకోమని ఎవరో చెప్పారు. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ చాలు, వీళ్లకు అంతకన్నా ఎక్కువే వస్తుంది. నేను వద్దన్నాను. గ్యాస్ వస్తుంది నిజమే, కానీ ఎంత ముద్ద వేస్తే అంత ముద్దా బయటికి వస్తుంది. అది ఎక్కడికి పోవాలన్నది తేల్చకుండా ప్లాంటు కడితే పేడ సమస్య ఒక చోటి నుంచి ఇంకో చోటికి మారుతుంది, అంతే. రోజూ కలిపే ఓపిక కూడా ఆ వయసులో ఉండాలి కదా.

చివరికి నిలబడిన పద్ధతి చాలా చవక. ముందు నీళ్ల వాడకం తగ్గించాం. పైపుతో పేడను కడిగేయడం మాని, మొదట పారతో పొడిగా ఎత్తెయ్యాలి, ఆ తరవాతే నీళ్లు. ఒక్క పెద్ద పశువు రోజుకు 20 కిలోల దాకా పేడ వేస్తుంది. దాన్ని నీళ్లలో కలిపితే అయిదింతల మురుగు తయారవుతుంది, విడిగా ఎత్తితే అమ్ముకునే సరుకు. సాల నేలకు నేపియర్ మడి వైపు వాలు ఇచ్చి సిమెంటు వేశాం. చివర ఒక చిన్న తొట్టి, అందులో పీచు అడుగున దిగుతుంది. పైన తేలిన నీళ్లు మట్టికాలువలో మడికి పోతాయి. కాలువకు మూడు పాయలు పెట్టి, రోజుకొకటి మారుస్తూ వాడతారు. ఒకే చోట పడితే అక్కడ గడ్డి కాలిపోతుంది.

పేడకుప్పను గోడ దగ్గర నుంచి తీయించి కొబ్బరిచెట్ల కిందకు మార్చాం, పైన పట్టా కప్పించాం. ఎండాకాలంలో ఈగ గుడ్డు నుంచి ఈగ అవ్వడానికి వారం పది రోజులు చాలు. తడి పేడను అంతకన్నా ఎక్కువ రోజులు తెరిచి ఉంచితే ఈగల్ని మనమే పెంచుతున్నట్టు. ఆనందపురం పూలతోటల వాళ్లు గత్తం (పేడ ఎరువు) కోసం ట్రాక్టరు పంపిస్తున్నారు. ఆ డబ్బు పెద్దదేమీ కాదు గానీ కుప్ప నిలవ ఉండడం లేదు, నాకు కావాల్సింది అదే.

గేదెలకు పొర్లుగుంట మళ్లీ తవ్వలేదు. నిలవనీళ్లంటే దోమలు, మళ్లీ అదే గొడవ. మధ్యాహ్నం 11 నుంచి 4 దాకా అరగంటకోసారి రెండు మూడు నిమిషాలు సన్నటి జల్లు, అది కూడా వీపు తడిసేంతవరకే. పశువును చల్లబరిచేది దాని ఒంటి మీద నుంచి ఆవిరయ్యే నీరు, నేల మీద పారేది కాదు. ఉక్కగా ఉన్న రోజు తడిపి వదిలేస్తే ఆవిరి కూడా కాదు కాబట్టి ఒక ఫ్యాను పెట్టించాం. రేకుల మీద కొబ్బరిమట్టలు పరిచి, గాలికి ఎగరకుండా తాళ్లతో కట్టారు. తుపాను హెచ్చరిక వస్తే వాటిని ముందే దింపెయ్యాలి.

పొరుగాయన

గోడ అవతలి ఆయనతో మాట్లాడ్డానికి నేనే వెళ్లాను, యజమాని రానన్నారు. ఫిర్యాదులో రాసింది వాసన, ఈగలు. కుర్చీలో కూర్చోబెట్టి కాఫీ ఇచ్చాక ఆయన చూపించింది మేడ మీది కుండీలు. మేక గోడెక్కి గులాబీ మొక్కలన్నీ కొరికేసిందట, రెండుసార్లు. వాసన సంగతి నోటీసులోకి వచ్చింది గానీ ఆయన మనసులో ఉన్నది మేక.

నాకైతే మేకల్ని ఉంచాలనే ఉంది. ఈ ఇంటికి తక్కువ నీళ్లతో, తక్కువ మేతతో చేతికి డబ్బిచ్చేవి అవే. గోడ మీద రెండడుగుల వల వేస్తే ఆగుతాయి. ఆవిడ ఒప్పుకోలేదు. "రోజూ మొహం చూసుకోవాల్సిన మనుషులు బాబూ" అని అయిదింటినీ అమ్మేశారు. పశువుల లెక్క ఒకటి, ఊళ్లో బతకడం మరొకటి. అక్కడ నా సలహాకు అంతకు మించి విలువ లేదు.

అనుమతి దరఖాస్తు పెట్టించాం. చెవిపోగుల 12 అంకెల నంబర్లు, టీకాల వివరాలు, పేడనీళ్లు ఎటు పోతున్నాయో చేత్తో గీసిన బొమ్మ జతచేశాం. తనిఖీకి వచ్చి చూసి వెళ్లారు. ఆ తరవాత నోటీసు రాలేదు.

గేదెల సంగతి

జల్లు మొదలైన పది రోజుల్లో పెద్దగేదె పాలు పూటకు రెండు నుంచి మూడుకు వచ్చాయి. అది ఆగస్టు చివర. ఎద కనిపెట్టే పని ఆవిడ తీసుకున్నారు. గేదె ఆవులా మరో పశువు మీద ఎక్కి చూపించదు, ఎద గుర్తులు ఎక్కువగా సాయంత్రం, రాత్రిళ్లే కనిపిస్తాయి. అన్నాలయ్యాక టార్చి పట్టుకుని సాలలోకి వెళ్లడం, తోక కింద తీగ ఉందేమో చూడడం, ఊరికే మూత్రం పోస్తోందేమో, అరుస్తోందేమో, ఆ పూట పాలు తగ్గించిందేమో గమనించడం. క్యాలెండరులో ఒక చిన్న సున్నా చుడతారు, 21 రోజులకు మళ్లీ చూస్తారు. అక్టోబరులో రెండు సున్నాలు సరిగ్గా కలిశాయి. నవంబరు మొదటి వారంలో రాత్రి తీగ చూసి ఫోను చేశారు, పొద్దున్నే వెళ్లి సూది వేశాను. జనవరి చివర చెయ్యి పెట్టి చూస్తే చూడి. రెండో గేదె డిసెంబరులో కట్టింది.

ఇదంతా నీళ్ల మహిమేనని రాస్తే మోసం చేసినట్టవుతుంది. పగలు తగ్గే కాలంలో గేదెలు సహజంగానే ఎక్కువగా కడతాయి. అక్టోబరు నుంచి జనవరి దాకా మా దగ్గర సూదులు నిలిచే కాలం. ఆ ఏడు చుట్టుపక్కల గేదెలూ బాగానే కట్టాయి. కాబట్టి చూడి విషయంలో నీళ్ల వాటా ఎంత, కాలం వాటా ఎంత అన్నది ఈ రెండు పశువుల నుంచి తేల్చలేం. పాల సంగతి వేరు. అవి కాలం మారకముందే, మేత మార్చిన మూడు నెలల తరవాత, జల్లు మొదలైన వెంటనే పెరిగాయి. ఆ ఒక్కదాన్ని మాత్రం నీళ్ల ఖాతాలో వెయ్యగలను. మేత మార్చకపోయి ఉంటే రెండోది అసలు కట్టేది కాదన్నది నా అంచనా.

ఈ కేసు తరవాత చూడి నిలవని గేదె ఎక్కడున్నా ఒకసారి మధ్యాహ్నం మూడింటికి వెళ్తున్నాను, థర్మామీటరు పెట్టి చూస్తున్నాను. కార్పొరేషన్‌లో కలిసిన పల్లె అయితే కాగితాల కవరు కూడా అడుగుతున్నాను. యజమానులు మొదట మొహమాటపడతారు, పన్ను వసూలుకు వచ్చినట్టు చూస్తారు. కానీ పశువుల్ని బయటికి వదలడం ఎందుకు మానేశారు, కడగడం ఎందుకు తగ్గింది, కుప్ప ఎందుకు సాలలోకే వచ్చింది అన్నవాటికి జవాబు చాలాసార్లు ఆ కవరులోనే ఉంటోంది.

ఇంకో పని, మే నెల మేతను తూచడం. ఆయన మడిలో అప్పుడు ఒక కోత కోసి తూచాం, రోజుకు సగటున 60 కిలోలు తేలింది. పెద్ద పశువుకు 25 కిలోల పచ్చిమేత కావాలి. అంటే దాదాపు రెండున్నర పశువుల మేత మీద నాలుగు పశువులు, మేకలు నడుస్తున్నాయి. వానాకాలం మడి చూసి పశువుల్ని కొన్నారు. ఆ ఎండాకాలం మేత సరిపోలేదు, చెక్క ధర పెరిగింది. రెండో గేదె పక్కటెముకలకు అసలు కారణం ఈ లెక్కే.

అందుకని ఆవు ఈనాక దాన్ని దూడతో సహా పద్మనాభం వైపు ఒక రైతుకు అమ్మారు. చెవిపోగు వివరాలు కొన్నవాళ్ల పేరుకు మార్పించి, రసీదు తీసుకోమన్నాను. రేపు బీమా వచ్చినా, దొంగతనమని ఫిర్యాదు వచ్చినా ఆ నంబరే మాట్లాడుతుంది.

పెద్దగేదె సెప్టెంబరులో పెయ్యదూడను ఈనింది. నాలుగు నుంచి ఎనిమిది నెలల మధ్య దానికి బ్రూసెల్లా టీకా పడాలి. జన్మకు ఒక్కసారే, అదీ పెయ్యలకే. ఆ తేదీ క్యాలెండరులో రాయించాను. పడ్డ కూడా చూడి కట్టింది. అది ఈనే సరికి మళ్లీ మూడు పాడి పశువులవుతాయి, మడి మాత్రం అంతే. ఒకదాన్ని తీసెయ్యాలని ముగ్గురం ఒప్పుకున్నాం. రెండో గేదెనని ఆయన, పడ్డనని ఆవిడ అంటున్నారు. రెండో గేదె ఈ ఈతలో పాలెంత ఇస్తుందో చూసి చెబుతానన్నాను.